పైడమ్మత్త కాపలా

గోల్‌మురి బజారులో ఎండు నెత్తళ్ళ గంప కనబడితే ఇప్పటికీ నా చేయి ముందుకు పోతుంది. ఒక చేపను తల దగ్గర విరిచి వాసన చూస్తాను. అమ్మేవాడు విసుక్కుంటాడు. అది పైడమ్మత్త నేర్పిన మొదటి చదువని వాడికేం తెలుసు?

ఈ హిందీ ఊళ్లో మా తెలుగువాళ్లుండే భుయ్యాడీహ్ బస్తీలో ఆమెది పక్కిల్లు. ఎండు చేపలు అమ్మేది. దేన్నీ విరిచి చూడకుండా నమ్మేది కాదు, మనుషుల్ని అసలే నమ్మేది కాదు. ఒకసారి ఎవరో వచ్చి, కుళాయిలు వేయిస్తామని బస్తీ అంతా తిరిగి వేలిముద్రలు తీసుకుపోయారు. వాళ్లూ మళ్లీ రాలేదు, నీళ్లూ రాలేదు. వేలు ఇవ్వనిది పైడమ్మత్త ఒక్కతే.

నేను ఒక నర్సింగ్ హోమ్‌లో నేలలు తుడిచేదాన్ని. భర్త పోయాక ఆ పనే నాకు ఆధారం. కొత్త కాంట్రాక్టరు వచ్చాక, రంగును బట్టి గుర్తుపట్టే ఫినాయిల్, ఆసిడ్ సీసాలు పోయి అన్నీ ఒకే రంగువి వచ్చాయి. "పఢ్‌నా సీఖ్ లో మౌసీ, నహీ తో ఘర్ బైఠో" అన్నాడు సూపర్‌వైజరు. చదవడం నేర్చుకో, లేదా ఇంట్లో కూర్చో అని. అప్పటికే నా జుట్టు సగం నెరిసింది.

భాలుబాసాలో రిటైరైన ఒక పంతులమ్మ సాయంత్రాలు తన వరండాలో ఆడవాళ్లకు తెలుగు, హిందీ ఊరికే నేర్పుతోందని విన్నాను. ఆ 'ఊరికే' దగ్గరే నాకు భయం వేసింది. పైడమ్మత్తకు చెప్పాను.

"ముఫ్త్‌గానా? ఓలమ్మో! ఏటి కావాలంట ఆవిడికి?"

"ఏటీ అడగనేదంట అత్తా."

"అడగనోల్లతోనే పెమాదం. పద, నానూ వత్తాను. నువ్వు అచ్చరాలు సూడు, నాను ఆవిడ్ని సూత్తాను."

వరండాలో అత్త గోడకు ఆనుకుని, పలక ఒళ్లో పెట్టుకుని, పంతులమ్మ మీంచి చూపు తిప్పేది కాదు. అయినా ఆ పలక మీద అక్షరాలు పడేవి. అడిగితే, "అనుమానం రాకుండా రాత్తన్నాను" అనేది.

ఒకరోజు అత్తే పంతులమ్మకు పరీక్ష పెట్టింది. తన దగ్గరున్న వాటిలో మంచి నెత్తళ్ళు ఏరి పొట్లం కట్టి ఇచ్చింది. పంతులమ్మ ఒకటి విరిచి, వాసన చూసి, "ఉప్పెక్కువైంది పైడమ్మా" అంది. తిరిగి వస్తూ ఆటోలో అత్త నా వైపు వంగింది.

"మనతో పనున్నోలు మెచ్చుకుంతారే గౌరీ. ఈవిడ తప్పట్టింది. అంతు సిక్కట్నేదు. రేపూ ఎల్లాల."

కొన్నాళ్లకు అదే దారిలో ఒక కాషాయం రంగు బోర్డు నాతో మాట్లాడింది. ఏదో గుడి పేరనుకుని ఏళ్లుగా దండం పెట్టుకున్న బోర్డు అది. 'ఇక్కడ టైర్లకు పంక్చర్లు వేయబడును' అని హిందీలో ఉంది. అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. నేను మాత్రం దారి పొడవునా గోడలు చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లూ నా చుట్టూ ఎన్ని గోడలు ఎన్ని మాటలు చెబుతూ ఉన్నాయో!

సూపర్‌వైజరు ముందు సీసా మీది అక్షరాలను ఒక్కొక్కటే వేలితో నొక్కుతూ చదివాను. పని నిలిచింది.

అత్త మంచాన పడ్డాక ఒకటే అడిగింది.

"ఆవిడికేటి కావాలో తెలిసిందేటే?"

"నేదత్తా."

"అయితే మానకు. నాను నేకపోయినా కాపలా ఒగ్గీకు."

ఇప్పుడు అత్త లేదు, పంతులమ్మకు చూపు మందగించింది. ఆ వరండాలో పలకలు పంచేది నేనే. మొన్న ఒక కొత్తామె గేటు దగ్గరే ఆగి, సంచి గుండెకు అదుముకుని, "ఇందులో నీకేటొత్తాది?" అని నిలదీసింది. నేను గేటు తీశాను.

"నాకూ తెల్దమ్మా. లోపలికొచ్చి కనిపెట్టు" అని పలక చేతిలో పెట్టాను.