ఆటో శీనన్న నంబర్‌లో మా ఖాజా డాక్టర్

నిన్న మధ్యాహ్నం ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ వచ్చింది. ఆదోని నర్సింగ్ హోమ్ నుంచి సిస్టర్ సుజాత.

"అక్కా, ఖాజా సార్ పోయినాడక్కా."

ఏ ఖాజా సార్ అని అడిగాను. నాకు తెలిసింది ఒక్క ఖాజా సారే అయినా.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మొన్ననే కదా ఫోన్ చేసి, మా కొత్త అప్‌డేట్‌ని తిట్టీ తిట్టీ, చివర్లో పగలబడి నవ్వి పెట్టేశాడు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. డాక్టర్ ఖాజా మా అన్నయ్య క్లాస్‌మేట్. నాకూ అన్నే. నేను పనిచేసే కంపెనీ ఆస్పత్రులకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. పేషెంట్ జబ్బులు, మందులు, రిపోర్టులు అన్నీ కంప్యూటర్‌లో ఉండే సాఫ్ట్‌వేర్. అదే అన్న నర్సింగ్ హోమ్‌లో పెట్టారు.

అప్పటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. అంత సరదా కూడా జీవితంలో ఇంకెప్పుడూ లేదు!

ఏడుపు పోస్ట్ రాస్తే ఆయన ఒప్పుకోడు. అందుకే శీనన్న సంగతి చెప్తాను.

ఒకరోజు పొద్దున్నే ఫోన్.

"పాపా, యాడుండావ్? బిరీన రా! మీ సాఫ్ట్‌వేర్‌లో మా ఆటో శీనన్న నెల తప్పినాడు!"

శీనన్నది దేవనకొండ. అక్కడ తన వీధిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా తన ఆటోలో ఎక్కించుకుని ఆదోనికి తెస్తాడు. కౌంటర్‌లో ఫోన్ నంబర్ అడిగితే అందరూ బయట ఆటో వైపు చెయ్యి చూపిస్తారు. "ఆయప్పను అడుగు తల్లీ." శీనన్న దర్జాగా తన నంబర్ చెప్తాడు.

మా సాఫ్ట్‌వేర్‌కి ఒక నంబర్ అంటే ఒక మనిషి. ఆ నంబర్ మీద ఎన్ని ఫైళ్ళున్నా అన్నీ ఆ మనిషివే. దాని లెక్కలో శీనన్నకు షుగర్, ఫిట్స్, మోకాళ్ళ నొప్పులు, పైగా ఏడో నెల.

నేను వెళ్ళేసరికి ఓపీ అంతా నవ్వుతోంది. అన్న మాత్రం నన్ను పక్కకు తీసుకెళ్ళి అసలు విషయం చెప్పాడు. అప్పుడు నవ్వలేదు.

ముందురోజు శీనన్న వీధిలోని ఈరమ్మవ్వ జ్వరంతో వచ్చింది. శీనన్న నంబర్, ఈరమ్మ పేరు కొడితే అదే వీధిలోని ఇంకో ఈరమ్మ ఫైల్ తెరుచుకుంది. అందులో ఎలర్జీ ఏమీ లేదు. సుజాత పెన్సిలిన్ ఇంజెక్షన్ సిద్ధం చేసింది. అన్న అవ్వ మొహం చూసి, "ఆగు, ఆగు! ఈమెకు పోయినసారి అదేస్తే ఊపిరాడల్యా!" అని అరిచి ఆపాడు.

అవ్వ అసలు ఫైల్‌లో ఆ ఎలర్జీ ఉంది. అన్నే రాసిపెట్టాడు. కానీ ఎక్కడో లోపలి పేజీలో, అడుగున. పైన మాత్రం ఏది నొక్కినా ఒక వార్నింగ్. అన్నిటికీ వార్నింగే అయితే ఎవరు చదువుతారు? సిస్టర్లు ఈగల్ని తోలినట్టు ఓకే ఓకే కొట్టుకుంటూ పోతున్నారు.

"జబ్బు సంపితే దాంతో కొట్లాడచ్చు పాపా. స్క్రీన్ సంపితే ఎవురితో కొట్లాడాల?" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఇప్పటికీ ప్రతి మీటింగ్‌లో అదే చెప్తాను. సాఫ్ట్‌వేర్ వాడటానికి తేలిగ్గా ఉండాలి అంటే రంగులూ అందమూ అనుకుంటారు. కాదండీ. అది ఈరమ్మవ్వ ప్రాణం!

ఇక చూడండి అన్న హుషారు! నాకు ఓపీలో తన పక్కనే కుర్చీ వేయించాడు. పేషెంట్ వచ్చిన ప్రతిసారీ, "సూడు, సుజాత చెయ్యి యాడికి పోతాందో సూడు" అని నన్ను పొడిచేవాడు. కౌంటర్‌లో అవ్వలు తమ గురించి ఎలా చెప్పుకుంటారో వినమన్నాడు. ఎవరూ నంబర్‌తో మొదలుపెట్టరు. "దేవనకొండ కిందింటోళ్ళ ఈరమ్మను నాయనా" అంటారు.

అంతే, అదే పెట్టాం! ఊరు, ఎవరింటివాళ్ళు, ఫోటో. ఒక నంబర్ మీద ఎంతమంది ఉన్నా అందరి మొహాలూ వరసగా కనిపిస్తాయి. ఎలర్జీ ఉంటే ఏ పేజీ తెరిచినా పైన ఎర్ర పట్టీ. పనికిరాని వార్నింగులన్నీ పీకేశాం.

మొదటిరోజు అన్న ఈరమ్మవ్వను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "నువ్వు యాడుండావో కనుక్కో అవ్వా" అన్నాడు. అవ్వ స్క్రీన్ మీద వేలు పెట్టి, "ఇదో, నేనే గదప్పా! నగలు పెట్టుకోనుంటే బాగుండు" అంది.

అన్న కుర్చీలోంచి ఎగిరాడు! నిజంగా ఎగిరాడు! ఓపీ మొత్తానికి ఉగ్గాని బజ్జీ తెప్పించాడు. బజ్జీ నోట్లో ఉండగానే తన పేరు, తను వాడే మందులు కూడా శీనన్న నంబర్ మీదే ఎక్కించి ఫోటో తీయించుకున్నాడు. ఎవరింటివాళ్ళు అన్నచోట "ఓపీ కాడోళ్ళు" అని రాయించాడు. నేను వద్దంటున్నా వినలేదు.

ఈరోజు పొద్దున ఖననం అయ్యాక సుజాత నా చెయ్యి పట్టుకుని చెప్పింది. అన్న ఓపీలోనే గుండె పట్టుకుని ఒరిగిపోయాడట.

"శీనన్న నంబర్ కొట్టినానక్కా. ఈరమ్మవ్వ పక్కనే సార్ మొగం, బజ్జీ తింటా. ఒక్కసారి నొక్కితే సార్ వాడే మందులు, ఏది ఇయ్యకూడదో, అంతా కండ్ల ముందరే ఉన్న్యాది. సార్ కింద పనిచేసే చిన్న డాక్టర్ చెయ్యాల్సిందంతా చేసినాడు. యాడా వెతుక్కోల్యా మేము."

అన్నా, నిన్ను తీసుకుపోయింది జబ్బే. స్క్రీన్ కాదు.

మనవాళ్ళు దాంతో చివరిదాకా కొట్లాడారన్నా.

వెళ్ళిరా. అల్లా నిన్ను చల్లగా చూసుకోవాలి. శీనన్న నంబర్ మీద నీ మొహం అలాగే ఉంటుంది, నేను తీయనివ్వను.