పర్వరిష్ అనే మాట

మౌల్వీ సాబ్ పోయారని నాకు చెప్పినవాడు ఒక బండి తోలే మనిషి. ఎల్లారెడ్డి నుంచి తెచ్చిన వడ్ల బస్తాలు కామారెడ్డి స్టేషన్‌లో దింపుతూ, నన్ను చూసి, "మీ ఉర్దూ పంతులు సచ్చిపోయిండట గద సారూ. శుక్రారం మట్టి జేసిన్రు" అన్నాడు. అని మళ్లీ బస్తా భుజానికెత్తుకున్నాడు. అతనికి బస్తాల పని ఉంది, తప్పు పట్టను. నేను మాత్రం ఆ మాట ఇంకొకసారి చెప్పించుకున్నాను.

ఇది చదివేవారిలో ఆయనను ఎరిగినవారు ఉండకపోవచ్చు. ఎల్లారెడ్డి బడిలో ఉర్దూ చెప్పేవారు. పుస్తకం రాయలేదు, వేదికలెక్కలేదు. మా ప్రాంతంలో ఇంట్లో మాట్లాడేది తెలుగు, పట్నం వెళ్లి యూనివర్సిటీలో ఏ చదువైనా చదవాల్సింది ఉర్దూలో. కూలి చేసుకు బతికే ఇళ్ల పిల్లలను ఆ భాషలో నిలబెట్టడమే ఆయన బతుకంతా చేసిన పని.

మా నోళ్లకు ఉర్దూ అక్షరాలు కొన్ని ఎంతకీ తిరిగేవి కావు. అరచెయ్యి నోటి ముందు పెట్టుకొమ్మనేవారు. "గాలి తాకిందా బేటా? తాకలేదా? అయితే మళ్ల అను." నాట్ల కాలంలో మేం బడి ఎగ్గొడితే తానే పొలానికి వచ్చేవారు. షేర్వానీ అంచు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని గట్టు మీద నడిచి వచ్చి, అక్కడే గొంతుకు కూర్చుని, బురదలో ఉన్న నా చేత పాఠం అప్పజెప్పించుకునేవారు. నేను తప్పు చదివితే పక్క మడిలోంచి మా అవ్వ నవ్వేది. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. ఆమెకు ఉర్దూ ఒక్క ముక్క రాదు. నీకెట్లా తెలిసిందే అంటే, "సాబు మొకం జూస్తె ఎరుకైతలేదా?" అనేది.

కామారెడ్డిలో మిల్లులున్న షావుకారు ఒకాయన గరీబు పిల్లల పెద్ద చదువుకు వజీఫా ఇస్తున్నాడని విని, నా కోసం ఆయన గుమ్మం చుట్టూ తిరిగింది మౌల్వీ సాబే. అది మంజూరైన రోజు మా వాకిట్లోకి వచ్చి, "అమ్మా, నీ కొడుక్కు వజీఫా అయింది" అన్నారు. మా అవ్వ చేతిలోని చేట కింద పడేసి ఏడుపందుకుంది. మా పల్లెకు తెలిసిన వజీఫా ఒక్కటే, ముసలివాడైన పోలీసు జవానును ఇంటికి పంపించి సర్కారు నెలనెలా ఇచ్చేది.

"ఇంక మీసాలన్న రాలే సాబూ! అప్పుడే వజీఫా ఇచ్చి ఎల్లగొడ్తున్రా? ఏం తప్పు జేసిండు నా కొడుకు?"

మౌల్వీ సాబ్ అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు. "ఇది ఎల్లగొట్టే వజీఫా కాదమ్మా, రమ్మని పిలిచే వజీఫా" అని ఆమెను ఊరుకోబెట్టారు. వెళ్తూ వెళ్తూ నాతో, "నమాజు అయినంక మేం రోజు తప్పకుండ చదివే జపాన్ని గూడ వజీఫా అనే అంటం బేటా. పైసలు ఆయనయి, చదువుడు నీది. ఏది అసలు వజీఫానో నువ్వే సమజ్ చేస్కో" అన్నారు.

ఇక్కడిదాకా తీపి. ఇక ఆ పైసలు పుచ్చుకున్న తీరు చెప్పాలి.

ఏటా యూనివర్సిటీ తెరవకముందు, సరిగ్గా తొలకరి విత్తనాల వేళ, షావుకారు మిల్లు ఆవరణలో జల్సా అనే సభ జరిగేది. కచ్చేరి ఉద్యోగులకు, పట్నం వకీళ్లకు కుర్చీలు. మాకు చాపలు. మా తండ్రులకు నేల. షావుకారు లెక్కలు రాసే మున్షీ పిల్లవాడి పేరు పిలవగానే తండ్రి లేచి, చేతులు జోడించి, నేర్పించిన ఒక్క మాట చెప్పాలి: "మేరా లడ్కా హుజూర్ కీ పర్వరిష్ మే హై." చెప్తే చప్పట్లు. చెప్పేవాడు లేకపోతే ఆ పిల్లవాడి వజీఫా రద్దు. ఒకసారి ఒక తండ్రి పెళ్లినాటి ధోవతి కట్టుకుని వస్తే, పనిలోకి కట్టేదే కట్టుకుని రమ్మని మున్షీ వెనక్కి తోలాడు. గరీబుతనం కుర్చీల దాకా కనబడాలి కదా!

మా బాపు రెండేళ్లు ఆ మాట చెప్పాడు. పెద్దవాళ్లకు పెట్టే దండం లాంటిదే అనుకున్నాడు. నా చదువు ఇంకొక్క ఏడాదిలో ముగుస్తుందనగా, మా వాకిట్లో కూర్చున్న మౌల్వీ సాబ్‌ను అడిగాడు.

"సాబ్, గా పర్వరిష్ అంటే ఏంది?"

ఆయన ఏదో ఒకటి చెప్పి దాటేయవచ్చు. దాటేయలేదు. "సాదుడు. పెంచి పెద్ద జేసుడు" అన్నారు.

"అంటే నా కొడుకును గాయన సాదుతున్నడని నా నోటితోనే అన్ననా?"

"అన్నవు."

"నేను పోను సాబ్. సదువు బందయితే బందే. పొద్దుమాపు మట్టిల బడి వీన్ని సాదింది వీళ్లవ్వ, నేను. ఇంకొకని పేరు జెప్ప."

బాపును బతిమాలడానికి నాకు నోరు రాలేదు. చదువు వదులుకోవడానికీ మనసు రాలేదు. ఆ రాత్రంతా షావుకారును తిట్టుకున్నాను, ఇప్పటికీ తిట్టుకుంటున్నాను.

జల్సా రోజు మౌల్వీ సాబ్ నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. నా పేరు పిలిచారు. "బాప్ కహా హై?" అన్నాడు మున్షీ. నేలమీద కూర్చున్న తండ్రుల మధ్య నుంచి మౌల్వీ సాబ్ లేచారు. "ఈ పిల్లగానికి పెద్ద దిక్కు నేను" అని, చేతులు జోడించి ఆ మాట చెప్పారు. ఒక్కొక్క అక్షరం మాకు నేర్పినంత శుద్ధంగా పలికారు. కుర్చీల్లో ఆయన దగ్గర చదువుకున్న ఉద్యోగులు ఉన్నారు. ఒకడు సగం లేచి, అటూ ఇటూ చూసి, మళ్లీ కూర్చున్నాడు. షావుకారు నవ్వి, "మౌల్వీ సాబ్ గూడ మన గరీబులల్ల కలిసిండు" అన్నాడు. కుర్చీలన్నీ నవ్వాయి. మౌల్వీ సాబ్ మళ్లీ నేల మీద కూర్చున్నారు.

తిరిగి వస్తూ, "ఎందుకట్ల చేసిన్రు సాబ్?" అని అడిగాను.

"మీ బాపుకు అర్థం చెప్పింది నేనే గద బేటా. ఇగ ఆయనను ఎట్ల నిలబడుమంట?" అన్నారు. తర్వాత ఆ సంగతి ఎత్తితే మాట మార్చేవారు.

ఆ డబ్బుతోనే నా చదువు ముగిసింది. అది లేకపోతే నేనివాళ కామారెడ్డి బడిలో పంతులును కాను, ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్నీ కాను. ఇచ్చినవాడికి రుణపడి ఉన్నానని ఒప్పుకోవాల్సి రావడమే నాకు ఇప్పటికీ అన్నిటికంటే కష్టం. కొడుకు చదువు కోసం తండ్రి చేత తండ్రితనం వదులుకున్నానని చెప్పించే దానాన్ని దానం అనడానికి నాకు మనసొప్పదు.

మొన్న కామారెడ్డిలో సంతాప సభ పెట్టారు. షావుకారు తరఫున మున్షీ మాట్లాడాడు. నాలుగు మంచి మాటలు చెప్పి, ఆఖరున, "మౌల్వీ సాబ్ గూడ మా షావుకారు పర్వరిష్‌ల బతికినోడే. వజీఫా కోసం మా ముందట నిలవడ్డోళ్లల్ల ఆయన ఒకడు" అన్నాడు. కొందరు తలలూపారు. ఒళ్లు మండిపోయి నేను లేవబోయాను. నాకంటే ముందే, వెనక గోడ దగ్గర నుంచి మా బాపు లేచాడు. ఎల్లారెడ్డి నుంచి ఈ సభ కోసమే వచ్చినవాడు. పెద్దల ముందర నెత్తి మీది రుమాలు తీసి మాట్లాడడం మా వైపు మర్యాద. బాపు తీయలేదు.

"గాయన ఎవ్వని పర్వరిష్‌ల లేడు. నేను రానంటె నా జాగల నిలవడ్డడు."

"సరే సరే, కూసో" అన్నాడు మున్షీ.

బాపు కూర్చోలేదు. ఇంకెవరో లేచి మాట్లాడారు, ఆ తర్వాత ఇంకొకరు. సభ ముగిసి కుర్చీలు ఖాళీ అయ్యేదాకా బాపు నెత్తి మీద రుమాలుతో అట్లాగే నిలబడి ఉన్నాడు.