మార్తమ్మ టీచరుగారు అడిగిన గడువు

నిన్న కేకులోకని ఎండు ద్రాక్ష వేడినీళ్లలో వేశాను. ఆ పుల్లటి తీపి వాసన పైకి రాగానే మార్తమ్మ టీచరుగారు గుర్తొచ్చారు. భీమవరం దగ్గర మా ఊరి చర్చిలో నెలకోసారి, మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, గుటకెడు ద్రాక్షరసం. ఆ రసం శనివారం సాయంత్రం ఎండు ద్రాక్షతో తన ఇంట్లో కాచేది టీచరుగారే. ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు, చర్చి సంఘానికి సెక్రటరీ. సంఘం ఎవరిమీదైనా చర్య తీసుకుంటే వాళ్లని బల్ల నుంచి ఆపేస్తుంది. ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో ఎక్కించే పని కూడా ఆవిడదే. బయటివాళ్లకు ఇదేదో చిన్న విషయంలా ఉంటుంది. అందరూ లేచి ముందుకు వెళ్తుంటే ఒక్కళ్లే చాప మీద ఉండిపోవడం ఎలా ఉంటుందో అలా కూర్చున్నవాళ్లకే తెలుసు.

మా అక్క ఒక హిందూ అబ్బాయిని రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుంది. నాన్న లేరు; అమ్మే దగ్గరుండి చేయించింది. అందుకు అమ్మని బల్ల నుంచి ఆపాలని సంఘం కమిటీ కూర్చుంది. యూత్ తరఫున నేనూ అందులో ఉన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నోరు విప్పలేదు.

"బల్ల నుంచి ఆపేశామని రాసేయండి టీచరుగారూ," అన్నారు సంఘ పెద్ద.

"ఎప్పటిదాకా అండి?"

"తప్పు ఒప్పుకునేదాకా."

"ఆవిడ ఒప్పుకోదండి. అయితే చచ్చిపోయేదాకా అని రాయమంటారా? రాస్తాను, మీరు సంతకం పెట్టండి."

ఎవరూ పెన్ను అందుకోలేదు. గంటసేపు గొణుక్కుని చివరికి మూడు నెలలకు దిగారు. టీచరుగారు తేదీతో సహా రాసి, అందరిచేతా సంతకాలు పెట్టించారు. నాచేత కూడా. బయటికొచ్చాక, "రాసినవాళ్లే వెళ్లి చెప్పాలి. పద," అన్నారు నాతో.

ఇంట్లో అమ్మ చేపలు తోముతోంది. టీచరుగారు ఎదురుగా పీట వేసుకుని తీర్మానం చదివారు. "మీరు కూడా సంతకం పెట్టారా?" అంది అమ్మ. కమిటీ ఒత్తిడి అనొచ్చు, మూడు నెలలకు తగ్గించింది తనేనని చెప్పుకోవచ్చు. అవేవీ అనలేదు ఆవిడ. "పెట్టానమ్మా. రాసింది నేనే," అన్నారు. అమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. ఇన్నేళ్ల స్నేహం ఏ గంగలో కలిసిందని అడిగింది. టీచరుగారు పీట మీంచి లేవకుండా అంతా విన్నారు. ఆవేళ నాకు అమ్మ కన్నా ఆవిడ మీదే ఒళ్లు మండింది, ఒక్క మాట తిరిగి అనరేమని.

నాలుగో నెల మొదటి ఆదివారం, అమ్మ సంగతి ఎత్తకుండానే సంఘ పెద్ద ప్రార్థన మొదలుపెట్టబోయారు. టీచరుగారు లేచి పుస్తకం తెరిచి, "గడువు నిన్నటితో అయిపోయిందండి," అని అందరికీ వినబడేలా చదివారు.  అమ్మ కొంగు సర్దుకుని ముందుకు వెళ్లింది. తిరిగొచ్చి టీచరుగారి పక్కన కూర్చుంది. 

టీచరుగారు పోయి చాలా కాలమైంది. నేనిప్పుడు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పరీక్షల విభాగం చూస్తున్నాను. హాజరు సరిపోని పిల్లల్ని డిబార్ చేసే లిస్టు నా చేతిమీదే తయారవుతుంది. ఏ పరీక్షకు, ఎప్పటిదాకా అన్నది లేకుండా ఆ మాట రాయను. బోర్డు మీద పెట్టేముందు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. మొన్న ఒకమ్మాయి, "ఎవరు చేశారు మేడమ్ ఇది?" అని అడిగింది. సిస్టమ్ అనేస్తే సరిపోయేది. "లిస్టు రాసింది నేనేనమ్మా," అన్నాను. తిట్టడం మొదలుపెట్టింది. ఫోన్ పెట్టేయకుండా కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.