విత్తనం పొత్తుల కింద టీవీ

“ముప్పై రెండంగుళాల టీవీ సాలు. మనింట్లో మనుసులెంతమందని?”

“సాలదు. నలబై మూడే కావాల.”

“ఎందుకు కావాల? అదైనా సెప్పు.”

“కావాలంటే కావాల. పెతీదానికీ ఎందుకేటే నీకు?”

“అంత పెద్దదైతే పొత్తులకి తగుల్తాది. పండగ దాకా వాటిని కదపకూడదని ఇంటిల్లిపాదినీ కసిరేది నువ్వే కదా.”

“తీసి పక్కనెట్టు.”

చేటలో చోళ్ళు, అంటే రాగులు, పోసుకుని రాళ్ళేరుతున్న నా చెయ్యి ఆ మాటకు ఆగిపోయింది. పొత్తులు తీసి పక్కన పెట్టమనే మాట మా ఇంటాయన నోట నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి వినలేదు.

మాది అరకు లోయకు పైన కొండ మీద ఊరు. కాఫీ మొక్కలు, చోళ్ళు, మొక్కజొన్న మా బతుకు. కోతలయ్యాక మరుసటి ఏడుకు విత్తనం ఏరడం ఇంటి పెద్ద చేసే పని. మంచి మొక్కజొన్న పొత్తులు ఏరి, పైతొక్కలు జడలా అల్లి, వంటింటి పొగ తగిలే గోడ మీద వెదురు వాసానికి వేలాడదీస్తాడు. చైత్రంలో విత్తనాల పండగ వస్తుంది. మా ఊరి పూజలు చేసే దిసారి వచ్చి వాటి మీద పసుపునీళ్ళు చల్లేదాకా ఎవరూ కిందికి దించరు. ఒకసారి గోడకు సున్నం వేద్దామని మా కోడలు వాటిని దించి మంచం మీద పెట్టింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు గానీ ఆ పూట అన్నం ముట్టలేదు. అలాంటి మనిషి టీవీ కోసం పొత్తులు తీసేయమంటున్నాడు.

మా పాత టీవీ వెనక మూపురం ఉన్న పెద్ద డబ్బా. వానాకాలంలో పిడుగు పడి మాడిపోయింది. బాగు చేసేవాడు దాన్ని చూసి, దీనికి సామాన్లు ఇప్పుడు దొరకవమ్మా అని నవ్వాడు. నాకైతే లోటేమీ తోచలేదు. పెందరాళే పడుకుంటున్నాం, పెందరాళే లేస్తున్నాం. కోడలే ఊరుకోలేదు. దాని కూతురు, అంటే నా మనవరాలు, పాడేరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఆదివారాలు ఫోనులో కనబడుతుంది. స్మార్టు టీవీ అయితే ఫోనులో బొమ్మ టీవీలోకి వస్తుందట, పిల్ల మొహం గోడ మీద ఇంత పెద్దదిగా కనబడుతుందట. కోడలు ఆ మాట చెప్పినప్పుడు ఆయన మంచం మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. తీరా సంతకు రేపు వెళ్తామనగా నలభై మూడని పట్టుబట్టాడు.

నేను రెండో తరగతి దాకా చదివినదాన్ని. అంకెలు బాగా వచ్చు. కొనేముందు కొలవడం నా అలవాటు. కోడలి కుట్టుమిషను డ్రాయరులోంచి టేపు తీసి, ముప్పై రెండు అంగుళాలకు ఒక వెదురు బద్ద, నలభై మూడుకు ఒక వెదురు బద్ద కోశాను. వాటిని గోడకు అడ్డంగా పెట్టి చూశాను. చిన్న బద్ద హాయిగా పట్టింది. పెద్ద బద్ద ఒక కొస వంటింటి గుమ్మానికి తగిలింది, రెండో కొస పొత్తుల చివరి గుత్తిని రాసుకుంది. ఆయన్ని పిలిచి చూడమన్నాను. ఆయన గోడ వైపు తిరిగి, చూశాను లే అన్నాడు.

ఎంత దూరంలో కూర్చుంటామో దాన్ని బట్టి టీవీ సైజు ఎంచుకోవాలని కోడలు ఫోనులో చదివి చెప్పింది. అది నాకు నచ్చిన మాట. మేకను కట్టే తాడు తెచ్చి, ఆయన మంచం నుంచి గోడ దాకా పట్టి, అక్కడ ముడి వేసి సంచిలో పెట్టుకున్నాను, బద్దలు రెండూ కూడా తీసుకెళ్ళడానికి కట్టి పక్కనుంచాను.

మర్నాడు మా కొడుకు జీపులో ముగ్గురినీ అరకులో దింపి, బొర్రా గుహలు చూసేవాళ్ళను ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. దుకాణంలో గోడ నిండా టీవీలే. అన్నీ ఒకేసారి వెలుగుతుంటే నాకు కళ్ళు తిరిగాయి. అమ్మే అతను మర్యాదస్తుడు, కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు. కరెంటు ఎంత తింటుంది, మా కొండ మీద కరెంటు ఒక పూట ఎక్కువ ఒక పూట తక్కువ వస్తుంది తట్టుకుంటుందా, పాడైతే మనిషి ఊరిదాకా వస్తాడా లేక మేమే మోసుకు రావాలా అని అడిగాను. నెట్ లేకపోతే బొమ్మ రాదా అని కూడా అడిగాను. మా ఊళ్ళో సిగ్నలు ఉండేది బడి గోడ దగ్గర, మా పెరటి పనసచెట్టు కిందా. పెరట్లో అందితే ఇంట్లోకీ అందుతుందని, ఫోను నుంచే టీవీకి నెట్ ఇచ్చుకోవచ్చని కోడలు చెప్పింది. అమ్మే అతను రిమోటు నా చేతికిచ్చి, ఇందులో మాట్లాడితే చాలు మామ్మా, వింటుంది అన్నాడు.

“మా ముసిలోడు ఇన్నేళ్ళయినా నా మాట ఇన్లేదు, ఇదింటాదేటి,” అన్నాను.

కోడలు నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఒక టీవీ ముందు నించుని, దానికి మరీ దగ్గరగా మొహం పెట్టి చూస్తున్నాడు.

నలభై మూడని రాసి ఉన్న టీవీ దగ్గరికి వెళ్ళి నా పెద్ద బద్ద తీసి అడ్డంగా పెట్టాను. బద్ద రెండు పక్కలా బయటికి వచ్చింది. ఇది తక్కువుంది బాబూ, నలభై మూడు లేదు అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. అతను కోపగించుకోకుండా బద్దను నా చేతిలోంచి తీసుకుని, టీవీ కింది మూల నుంచి పై మూలకు ఏటవాలుగా పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. టీవీలను ఎక్కడైనా ఇలా మూల నుంచి మూలకే కొలుస్తారట.

“మా సంతలో గుడ్డ ఇలాగ కొలిస్తే గజంబద్ద ఇరగ్గొడతారు,” అన్నాను.

అప్పుడు వెనక నుంచి ఆయన అన్నాడు: “అయితే పొత్తులు కదపక్కర్లేదు కదేటి?”

ఆ గొంతు నాకు తెలుసు. జ్వరం తగ్గిన పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసినప్పుడు పలికే గొంతు అది. నిన్న పొత్తులు తీసేయమన్నప్పుడు ఆ మాట ఆయనకు ఎంత కష్టమైందో అప్పుడు తెలిసింది. మరి అంత కష్టపడి ఎందుకన్నాడు?

నా లెక్క నాకింకా తేలలేదు. గోడకు పట్టినంత మాత్రాన పెద్దది కొనేయాలని ఎక్కడుంది? చిన్నది, పెద్దది పక్కపక్కన పెట్టించి, రెండింట్లో ఒకే బొమ్మ వేయించాను. సంచిలోంచి తాడు తీసి, ముడి దగ్గర స్టూలు వేసి ఆయన్ని కూర్చోబెట్టాను. కోడలు అమ్మే అతనితో వారంటీ సంగతి మాట్లాడుతూ బల్ల దగ్గరికి వెళ్ళింది.

చిన్నదాంట్లో బాగా కనబడుతోందా అని అడిగాను. కనబడుతోంది అన్నాడు.

“ఏటి కనబడతంది?”

“ఆడోళ్ళు. నాట్లేత్తన్నారు.”

టీవీలో ఉన్నది సముద్రం. నీళ్ళ మీద తెల్లటి పడవలు వరసగా పోతున్నాయి. ఆడవాళ్ళూ లేరు, నాట్లూ లేవు. నేను ఆయన మొహం వంక చూశాను. ఆయన టీవీ వైపే చూస్తున్నాడు, శ్రద్ధగా, బడిలో పాఠం రాని పిల్లవాడు పలక వంక చూసినట్టు. పెద్దదాంట్లో ఏముందని అడిగాను. ముందుకు వంగాడు. నీళ్ళలా ఉన్నాయి, వాటి మీద ఏటో తెల్లగా కదులుతోంది అన్నాడు.

పక్కన ఖాళీ అట్టపెట్టె ఉంటే దాని మీద కూర్చున్నాను.

“ఎన్నాళ్ళ నుంచి?”

“కోతల ముందర్నుంచి. పొగ కమ్మినట్టుంటాది.”

“నాకెందుకు సెప్పలేదు?”

పడవలు పోయి టీవీలో మంచుకొండలు వచ్చాయి.

“సెప్తే నన్ను ఇత్తనం ఏరనివ్వవు,” అన్నాడు. “ఆదివారం ఫోన్లో గుంట అడుగుతాది, తాతా నా జడ సూసేవా అని. సూసేనంటాను. ఏటి సూసేను?”

అప్పుడు నాకు మొన్నటి కోతలు గుర్తొచ్చాయి. ఆయన వాకిట్లో ఎండలో పొత్తుల కుప్ప ముందు కూర్చుని, నిద్రలో ఉన్నట్టు కళ్ళు మూసుకుని, ఒక్కో పొత్తును ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో గింజల వరసలు తడుముతుండేవాడు. పొత్తులకు జోల పాడుతున్నావా, బేగి కానీ అని నేను కేకలేస్తే నవ్వి ఊరుకునేవాడు. పని నెమ్మదించింది, వయసు మీద పడింది అనుకున్నాను. ఇంట్లో గోడకు వేలాడుతున్న విత్తనమంతా అలా చేత్తో ఏరినదేనన్నమాట.

నేను లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, పెద్దదే ఇవ్వమన్నాను. నేను బేరం మొదలుపెడతానని అతను కాసుకుని ఉన్నాడు. ధర మీద నేనేమీ అనలేదు. గోడకు బిగించే ఇనప చట్రం ఊరికే వేయించుకున్నాను, అంతే. కోడలు నా మొహంలోకి చూసింది.

“అత్తా, పొద్దున్నదాకా ముప్పై రెండే అన్నావు కదా?”

“మూల కొలత తెలీక అన్నాను.”

ఆ మాట ఆయన విన్నాడు. స్టూలు మీద నుంచి తల తిప్పి, నేనున్న వైపు కాస్త పక్కగా చూశాడు.

కంటికి పొర కమ్మితే డాక్టర్లు తీసేస్తారని నాకు తెలుసు. కన్ను బాగుపడితే చిన్న టీవీయే చాలును. అది నాకు తోచకపోలేదు. అయితే చిన్నది కొన్నాక కన్ను బాగుపడకపోతే, నా పొదుపు ఆయన ఎదురుగా గోడకు రోజూ వేలాడుతూ ఉంటుంది. అంత పొదుపు నాకు చేతకాలేదు.

తిరిగి వెళ్ళేటప్పుడు జీపులో టీవీ పెట్టె మా ఇద్దరి మధ్యా నిలబెట్టాం. మలుపుల్లో అది ఊగకుండా ఆయన రెండు చేతులతో పట్టుకున్నాడు. కోడలు ముందు సీట్లో కొడుకుతో కబుర్లలో ఉంది. నేను పెట్టె మీదుగా వంగి నెమ్మదిగా చెప్పాను.

“రేపు పొద్దున్నే కంటాసుపత్రికెల్దాం.”

“ఇత్తనం?”

“నువ్వే ఏరుతావు. కన్నొత్తే కంటితో ఏరు, రాకపోతే సేత్తో ఏరు. నేను పక్కన కూకుంటాను.”

“కూకుని తిడతావు.”

“తిడతాను. ఊరికే కూకోమంటావేటి?”

ఆయన నవ్వాడు. పెట్టె మీద నుంచి ఒక చెయ్యి తీసి నా చేతి కోసం తడిమాడు. కొడుకు అద్దంలోంచి చూస్తాడని నేను కసరబోయి మానుకున్నాను.

ఇంటికి వచ్చాక, దీపాలు పెట్టే వేళ, ఆయన పెరట్లో కాళ్ళు కడుక్కుంటుండగా నేను స్టూలెక్కాను. పొత్తులను దించకుండా, ఒక్కోదాన్ని ఉన్నచోటే పట్టుకుని కళ్ళు మూసుకుని తడిమాను. వరసలు తిన్నగా ఉన్నాయి. గింజలు బిగువుగా ఉన్నాయి. ఎక్కడా పుచ్చు తగల్లేదు. ఒక్కదాని కొసన మాత్రం గింజ పలచగా ఉంది. దాన్ని అలాగే వదిలేశాను. పండగ ఇంకా రాలేదు కదా. దిగేసరికి కోడలు గుమ్మంలో నించుని ఉంది. అప్పుడు దానికి అంతా చెప్పాను. అది వంటింట్లోకి వెళ్ళి, పొద్దున్నకు అంబలి కోసం చోడిపిండి నానబెట్టింది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు మేమిద్దరం విశాఖపట్నం బయల్దేరాం. కోడలు సీసాలో అంబలి పోసి ఇచ్చింది. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు, నేను ఒళ్ళో సంచి పెట్టుకుని ఇవతల కూర్చున్నాను. టీవీ పెట్టె విప్పలేదు. పొత్తుల కింద గోడకు ఆనించి వచ్చాం.