పెద్ద శిలువ కింద కొవ్వొత్తి

ఉన్న ఊరు, కన్నతల్లి అంటారు పెద్దలు. అరుళానందానికి ఆ రెండూ ఒకే పూట పోయాయి. ఎనిమిదేళ్లప్పుడు, లంకలో తమిళుల ఇళ్లు తగలబడుతుంటే, తల్లి చేయి పట్టుకుని రామేశ్వరం పడవ ఎక్కాడు. నడి సముద్రంలో ఒక అల ఆమెను లాక్కుపోయింది. పడవ మాత్రం ఒడ్డుకు చేరింది.

శరణార్థుల శిబిరంలో సేవ చేస్తున్న ఓ తెలుగు ఫాదర్ వాడిని కాజీపేట బోర్డింగుకు తెచ్చాడు. అక్కడ అరుళానందం తమిళం మరిచిపోయేంతగా తెలుగు నేర్చాడు. పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగనివాడయ్యాడు. వరంగల్‌లోనే ఫాదర్ అయ్యాడు. ఈ ఏడాది పొరుగు మేత్రాసనానికి, అంటే అక్కడి చర్చిలన్నిటికీ పెద్దగా, బిషప్ కూడా అయ్యాడు. భక్తితో ఉంగరం ముద్దాడేవాళ్లు బోలెడుమంది. జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసేవాళ్లే లేరు.

నవంబరు రెండున సమాధుల పండుగ. వరంగల్ క్రైస్తవులు తమవాళ్ల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, ఫాదర్ వచ్చి తీర్థం చల్లేదాకా పక్కనే నిలబడతారు. ఎక్కడో దూరాన పోయినవాళ్లకైతే సమాధుల తోట నడుమ పెద్ద శిలువ కింద వెలిగిస్తారు. ఏటా ప్రసంగంలో ఆ మాట చెప్పేది అరుళానందమే. తాను మాత్రం అక్కడ ఒక్కసారీ వెలిగించలేదు. వెలిగిస్తే అమ్మ ఎక్కడా లేదని ఒప్పుకున్నట్టేనని ఆయన మొండితనం.

అందుకే గోడవార ఒక దిక్కులేని సమాధిని చూసుకున్నాడు. దాని మీద పేరు ఏనాడో చెరిగిపోయింది. జనం వెళ్లిపోయాక అక్కడ కొవ్వొత్తి పెట్టి "అమ్మా" అనేవాడు. ఎవరి అమ్మో! అయినా ఆ ఒక్క పిలుపుతో ఏడాదంతా నెట్టుకొచ్చేవాడు.

ఈసారి పాత ఊరు పిలిస్తే బిషప్ హోదాలో ఆశీర్వాదానికి వచ్చాడు. గోడ దగ్గరికి రాగానే కాళ్లు ఆగిపోయాయి. ఆ సమాధికి కొత్త సున్నం, నిండా బంతిపూలు. పక్కన నర్సంపేట నుంచి వచ్చిన అన్నాచెల్లెళ్లు, యాకయ్య, వినోద.

"మా అమ్మ చిలుకమ్మ సమాధి అయ్యా," అంది వినోద. "భూమి కాడ కొట్లాడుకొని ఇద్దరం మాటలు బంద్ జేసినం. ఇటు దిక్కే రాలే. మొన్న నేనొచ్చి సూస్తే మైనం కారి ఉన్నది. అన్న అమ్మను మరవలే అనుకొని, నేనే పోయి కాళ్ల మీద పడ్డ."

"నేను గాదంటే నమ్మది," అన్నాడు యాకయ్య సిగ్గుపడుతూ. "ఎవలో పుణ్యాత్ముడు. మీకేమన్న ఎర్కనా అయ్యా?"

'నేనే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆ తల్లిలో తనకూ ఇంత వాటా ఇచ్చేంత మంచివాళ్లే. కానీ చిలుకమ్మకు పిల్లలు దొరికారు, నడుమ తానెవరు?

"తెల్వదు బిడ్డా," అని అబద్ధమాడి, తీర్థం చల్లి కదిలాడు. అమ్మ కోసం తెచ్చిన కొవ్వొత్తి జేబులో అలాగే ఉంది.

చివరికి పెద్ద శిలువ దగ్గరికి వెళ్లి, జనం వెనకాల నిలబడ్డాడు. ముందున్న ముసలమ్మ కంగారుపడింది.

"జరుగుండ్రి, బిషప్ అయ్యగారికి తొవ్వియ్యుండ్రి!"

"వద్దవ్వా. నేను గూడ వెలిగియ్యాలె."

"ఎవలకయ్యా?"

"మా అమ్మకు."

"ఆమె సమాధి ఏడున్నది?"

నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట అది. "లేదవ్వా. సముద్రంల పోయింది."

ముసలమ్మ తన కొవ్వొత్తితో ఆయనది అంటించింది. "అమ్మ పేరేంది బిడ్డా?" అంది, ఈసారి అయ్యా అనకుండా.

"సెల్లమ్మ," అని చెప్పి, బిషప్ అరుళానందం అందరి ముందూ బావురుమన్నాడు.