గ్యాస్ స్టేషన్ మనిషి

ఆ శుక్రవారం మధ్యాహ్నం గదిలో ఉన్నవి: రెండు మంచాలు, కిటికీలో ఒక అమెరికన్ ఏసీ, అంగుళాల్లో కొలతలు రాసిన డ్రాయింగు చుట్ట, అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు నవల. మనుషులు ఇద్దరు. ఒకరు నేను, ఇంకొకరు జగిత్యాల వైపు నుంచి వచ్చిన పైప్ ఫిట్టరు; అన్నా అని పిలిచేవాణ్ణి.

అరబ్బు దేశపు పేట ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో కంపెనీ ఇచ్చిన గది అది. తొంభైల నడుమ మాట. సైటులో వెల్డింగులు పరీక్షించడం నా డ్యూటీ. వారమంతా ఇంగ్లీషు, హిందీ, కాస్త అరబ్బీ. నోరారా తెలుగు మాట్లాడేది సెలవుండే శుక్రవారమే, అదీ ఈ నవల పుణ్యాన. పని ముగించుకుని వెళ్ళిపోతూ ఒక అమెరికన్ సూపర్‌వైజరు వదిలేసిన పుస్తకం. నేను పేజీ చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. అన్న పడుకుని వినేవాడు.

కథలో ఒకడు ఎడారి మధ్య గ్యాస్ స్టేషన్లో ఒంటరిగా పనిచేస్తుంటాడు. మేమూ గ్యాస్ ప్లాంటే కడుతున్నాం. మా డ్రాయింగుల్లో స్టేషన్ అంటే కంప్రెసర్లు ఉండే చోటు. అలాగే చెప్పాను. సైటులో బోల్టులు, కొలతలు, కోడ్ పుస్తకాలు అన్నీ అమెరికావే కాబట్టి అమెరికా మాట నాకు బాగా వచ్చనుకున్నాను.

"వాడు ఇంటికి పోతడా, పోడా?" ప్రతి వారం అన్న అడిగేది అదే ప్రశ్న. "మనోడు సార్ వాడు. మన లెక్కనే గ్యాసుల పడ్డడు."

"ఇప్పుడు లారీ అద్దాలు తుడుస్తున్నాడన్నా."

"ప్లాంటుల అద్దాలు గూడ తుడిపిస్తరా? మన ఫోర్‌మన్‌కు జెప్పకు, రేపటి సంది మనతోని గూడ తుడిపిస్తడు."

ఆ వారంలోనే కొత్త అమెరికన్ ఇన్‌స్పెక్టరు నన్ను కారెక్కించుకుని, గ్యాస్ పోయించాలంటూ పెట్రోల్ బంకులో ఆపాడు. కారు దిగకుండానే నాకు నవల మొత్తం తలకిందులైంది.

శుక్రవారం రాగానే చెప్పాను. "అన్నా, వాళ్ళ దగ్గర గ్యాస్ అంటే పెట్రోలట. వాడిది బంకు."

అన్న లేచి కూర్చున్నాడు. "బంకా?"

"బంకే."

పడిపడి నవ్వాడు. "ఎంత పని జేస్తివి సార్! మా ఆమెకు ఫోన్ల గూడ జెప్పిన, అమెరికాల నా లెక్కనే ఒకడున్నడని. దుబాయ్‌ల నీకు మంచి దోస్తు దొరికిండన్నది." వాళ్ళ ఊళ్ళో అరబ్బు దేశమేదైనా దుబాయే.

నేనూ నవ్వాను. నవ్వు ఆగాక పుస్తకం తెరిచాను. "చదవనా?"

"ఇయ్యాల వద్దు తియ్."

పై శుక్రవారం అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అల్ రయ్యాన్ వైపు క్యాంపులో వాళ్ళ ఊరివాళ్ళు పేకాట పెట్టారట. "యల్లా సార్, నువ్వు గూడ రా."

"నాకు పేకాట రాదన్నా. వాడు ఇంటికి వెళ్తాడో లేదో తెలుసుకోవా?"

చెప్పులు తొడుక్కుంటూ ఒక క్షణం ఆలోచించాడు. "బంకుల ఉన్నోనికి ఏం తక్కువ సార్? ముంగట రోడ్డే ఉండె. ఏ లారీ ఎక్కినా ఇంటికి పాయె."

తలుపు మూసుకుంది. ఏసీ మోత మిగిలింది. నేను మంచం మీద కూర్చుని ఒక పేరా పైకి చదివి, అలవాటుగా తెలుగులో చెప్పాను. ఇంగ్లీషులో నాకు అర్థమైనంతే ఉంది అందులో, అన్న కలిపే మాట లేదు. పుస్తకం మూసేశాను.

ఇంకా డెబ్బై ఒక్క పేజీలు ఉన్నాయి.