గాయాలు: సున్నా

ఈ అరబ్బు దేశంలో, అహ్మదిలో ఒక కాంట్రాక్టరు గిడ్డంగిలో సరుకు లెక్క చూస్తాను. చదివింది పదో తరగతే. లెక్కలు సొంతంగా నేర్చుకున్నవే. అందుకే మహబూలాలో మా తెలుగువాళ్ల సహాయ బృందం, కష్టంలో ఉన్నవాళ్ల వివరాలు రాసే పని నాకు అప్పగించింది. శుక్రవారాలు అక్కడే కూర్చుంటాను.

ఒక శుక్రవారం జహ్రాలో ఇంటిపని చేసే రాయచోటి ఆమె వచ్చింది. పక్క వీధి పెళ్లిలో సంబరంగా గాలిలోకి కాల్చారట. ఒక తూటా వచ్చి, మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఆమె పక్కన బకెట్టులో పడింది. ఆ బకెట్టును సంచిలో తెచ్చింది. అడుగున చిల్లు. అప్పుడు ఎలా నిలబడి ఉందో చూపించమని అడిగి, టేపుతో కొలిచాను. కాలికీ చిల్లుకీ మధ్య పంతొమ్మిది సెంటీమీటర్లు.

"నీకేమైనా తగిలిందామ్మా?"

"లేదన్నా. తగిలింటే నీ కాడికి యాడొస్తా?"

మా ఫారం ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ ఉంటుంది. గాయాల గడిలో సున్నా వేశాను. కొలతకు గడి లేదు, రాయలేదు. కాగితం ఆ ఇంటి యజమానురాలికి, పనివాళ్లు మామా అని పిలిచే ఆమెకు చూపించి, మిద్దె పని తప్పించమని అడగమన్నాను.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది.

"మామాకు చూపిచ్చినా. సున్నా మీద వేలు పెట్టి, ఏం కాలేదు గదా, ఖలాస్, యల్లా, పో పైకి అనె."

"మరి మిద్దె ఎక్కుతున్నావా?"

"ఎక్కుతాండా. అన్నం తపేలా నెత్తిన బోర్లించుకోని ఎక్కుతాండా. నవ్వొద్దన్నా, ఆ ఇంటి పిల్లోల్లు నవ్వేది చాలు."

నాకు నవ్వు రాలేదు. ఆమెను తిరిగి మిద్దె ఎక్కించింది నేను వేసిన అంకె.

"లెక్కలొచ్చినోడివి, నువ్వు చెప్పన్నా. తపేలా ఆపుతాదా?"

"ఆపదమ్మా," అన్నాను.

ఆమె తల దించుకుంది. నేను ఆ కాగితం మీద సున్నా కొట్టేసి కొలత రాశాను, తపేలా సంగతీ రాశాను. ఆ మధ్యాహ్నమే, మా దగ్గరే ఉంచిన బకెట్టు పట్టుకుని ఆమెతో జహ్రా వెళ్లాను. గుమ్మంలో మామా ముందు బకెట్టు పెట్టి, చిల్లు నుంచి పంతొమ్మిది సెంటీమీటర్లు టేపు పరిచాను. ఏదో ఆట అనుకుని మామా చిన్న కూతురు పరుగున వచ్చి టేపు మీద నిలబడింది. ఆ చిన్న పాదానికి పక్కనే చిల్లు. మామా పిల్లను చటుక్కున లాక్కుంది. కాగితం అడగనే లేదు.

సాయంత్రానికి బట్టల తాడు వంటింటి వెనక్కి మారింది. పిల్ల మూడు చక్రాల సైకిలు కూడా మిద్దె దిగింది.